వానలో తడిసిన టోపీ

పదకొండు గంటల విశాఖపట్నం బస్సుకు ఇంకా గంటంపావు ఉంది. ఆ బస్సులో దాసు వెళ్లాలి, చేతులకు బేడీలతో.

కథ ఇంతవరకు ఎలా వచ్చిందో నాలుగు మాటల్లో చెప్పేస్తాను. శుక్రవారం సాయంత్రం చినుకులు పడుతుండగా, మాడుగుల రోడ్డు పక్క చెరకు తోటలో బెల్లం వ్యాపారి బంగార్రాజు తల ఎవరో పగలగొట్టారు. ఆసుపత్రిలో అతను ఇంకా కళ్లు తెరవలేదు. పడి ఉన్న చోటే అదిమిన ఉన్నితో చేసిన గోధుమరంగు ఫెల్టు టోపీ ఒకటి దొరికింది. సైకిలు మీద ఊరూరా తిరిగి టీకాలు వేసే దాసుది ఆ టోపీ. అంతకు రెండు రోజుల ముందే సంతలో బంగార్రాజు ఆ టోపీని కర్రతో ఎగరగొట్టి, "టోపీ పెట్టీసినంత మాత్రాన దొరవైపోతావేట్రా?" అన్నాడు. అది పోయి ఎడ్లబండి చక్రం కింద పడింది. "నీ తలా ఇలాగే అణిగిపోద్ది, సూస్కో," అన్నాడు దాసు. వంద మంది విన్నారు. శుక్రవారం మసక వెలుతురులో, తోటలోంచి టోపీ మనిషి ఒకడు గబగబా వెళ్లిపోవడం గడ్డిమోపుతో వస్తున్న అచ్చియ్యమ్మ చూసింది. మొహం చూడలేదు. టోపీ చూసింది.

చోడవరంలో టోపీ పెట్టుకు తిరిగేవాడు ఒక్కడే. శనివారం దాసును పట్టుకున్నారు.

ఇవాళ ఆదివారం. దాసు మామగారు యెహోషువ కొట్టు తలుపు ఆదివారం తెరుచుకోవడం పదమూడేళ్లలో ఇదే మొదటిసారి.

చిన్న గది అది. గోడకు బెల్టులు, తోలు పర్సులు, కళ్లజోడు పెట్టెలు వేలాడుతున్నాయి. మూలన ఇత్తడి కెటిలు. పక్కన బల్ల మీద టేకుతో చెక్కిన మనిషి తల. కళ్లూ ముక్కూ ఉండవు, టోపీ ఎక్కించడానికి నెత్తి మాత్రమే. బర్మాలోని రంగం పట్నంలో దొరల టోపీల షాపులో పదిహేనేళ్లు పనిచేసిన యెహోషువ, యుద్ధంలో బాంబులు పడి రంగం విడిచి పారిపోయినప్పుడు, మూడేళ్ల కూతుర్ని ఒక భుజం మీద, ఆ చెక్కతలను ఇంకో భుజం మీద వేసుకుని అడవుల గుండా నడిచి వచ్చాడు. ఆ కూతురే జ్ఞానమ్మ. ఇప్పుడు గుమ్మం పట్టుకుని నిలబడి మొగుడి చేతుల బేడీల వంకే చూస్తోంది.

సబినస్పెక్టరు ఉన్న ఒక్క కుర్చీలో కూర్చున్నాడు. పక్కన రైటరు కానిస్టేబులు, ఒళ్లో అట్ట, అట్ట మీద కాగితం. పంచనామాకు మధ్యవర్తులుగా ఇద్దరు వచ్చారు. ఒకాయన పెదబాబు. ముసలి రైతు, నోరు ఊరుకోదు. రెండో ఆయన గణపతిరావు. రెండు వందల ఎకరాల ఆసామి, ఎర్రటి తలపాగా, మెత్తటి మాట. ఈ కొట్టు గది ఆయన ఇంటి వీధి వైపు గదే. బయట అరుగు మీద ఆయన మనుషులు పదిహేను మంది దాకా గుమిగూడి లోపలికి తొంగిచూస్తున్నారు.

"ఏమయ్యా, ఈ టోపీ నువ్వు చేసిందేనా?"

"నేనే సేసేనండి. పెళ్లికి అల్లుడికి పెట్టేను."

"లోపల తోలుపట్టీ మీద 'దా' అని ఉంది."

"నా అచ్చేనండి."

"రాసుకో," అన్నాడు సబినస్పెక్టరు. రైటరు కలం బరబరలాడింది. "శుక్రవారం నాడు ఇది ఎక్కడుంది?"

"ఇక్కడేనండి. బండి కింద పడి నలిగిపోయిందని అల్లుడు గురువారం తెచ్చి ఇచ్చేడు. శుక్రవారం మజ్జాన్నం ఆవిరి పట్టి, నొక్కులు తీసి, సెక్కతలకి ఎక్కించేను. నాలుగ్గంటలకి కొట్టుకి తాళం ఏసి ప్రార్థన కూటానికి ఎల్లిపోయేను. మర్నాడు పొద్దున్న సూస్తే సెక్కతల ఉంది, టోపీ లేదు. అల్లుడే అట్టుకెల్లేడనుకున్నాను."

"తాళం పగిలిందా?"

"లేదండి."

"రెండో తాళంచెవి ఎవరి దగ్గరుంది?"

యెహోషువ అల్లుడి వైపు చూసి తల దించుకున్నాడు. మామగారిని ఆ నరకంలో ఎక్కువసేపు ఉంచలేక దాసే చెప్పాడు. "నా దగ్గరేనండి."

"రాసుకో."

జ్ఞానమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఇనస్పెక్టరుగారూ," అన్నాడు గణపతిరావు, గొంతులో జాలి నింపుకుని. "కుర్రోడు సెడ్డోడు కాదండి. నడివీధిలో అవమానం జరిగింది, రక్తం వేడెక్కింది. ఇశాపట్నంలో మంచి ప్లీడర్ని నేనే పెడతాను. కర్సు నాది. ఇయ్యాలా రేపట్లో బంగార్రాజు కళ్లు తెరిస్తే శిక్ష కూడా తేలిగ్గానే పోద్ది."

"మీది పెద్ద మనసు బాబూ," అన్నాడు పెదబాబు. "రేపు సోమవారం కోర్టులో బంగార్రాజు ఎవరి తరపున సాచ్చీకం సెప్పాల? మీ వదిన నరసమ్మగారి తరపున. బూమి వాటాలో మీకే ఎదురు. అలాంటోడు పడిపోయేడని మీరు నిన్న ఆసుపత్రికెల్లి కళ్లనీళ్లెట్టుకున్నారు. ఊరంతా అదే సెప్పుకుంటంది."

"కోర్టు కోర్టే, మనిషి మనిషే, పెదబాబూ."

సబినస్పెక్టరు గడియారం చూసుకున్నాడు. "సరే. మధ్యవర్తులు సంతకాలు పెట్టేస్తే బయల్దేరతాం."

"బాబూ." యెహోషువ ఒక అడుగు ముందుకు వేశాడు. "సంతకాలకి ముందు ఆ టోపీ ఒక్క పాలి నా సేతికి ఇప్పిస్తారా?"

"ఎందుకు?"

"సేసినోణ్ణి. నిన్నటి నుంచీ అది మీ దగ్గరే ఉంది. నేను దూరం నుంచి సూడ్డమే గాని ముట్టుకోలేదు."

సబినస్పెక్టరు ఒక్క క్షణం ఆలోచించాడు. "చూడు. కానీ ఎక్కడా నొక్కకు, సర్దకు. అది సాక్ష్యం."

యెహోషువ టోపీని అందుకున్నాడు. అందరిలా నెత్తి దగ్గర గిల్లి పట్టుకోలేదు. రెండు అరచేతులూ అంచు కింద పెట్టి, నిండు చెంబు ఎత్తినట్టు ఎత్తాడు. కిటికీ దగ్గరకు తీసుకెళ్లి తిరగేశాడు. వేళ్లు లోపలి తోలుపట్టీ వెంట మెల్లగా నడిచాయి. నుదురు దగ్గర మొదలుపెట్టి, చెవి మీదుగా వెనక్కి.

వెనక ఒకచోట వేళ్లు ఆగిపోయాయి.

మళ్లీ ముందు నుంచి వచ్చాడు. మళ్లీ అక్కడే ఆగాడు.

"బాబూ," అన్నాడు. "ఈ టోపీ శుక్రవారం నా అల్లుడు పెట్టుకోలేదండి."

పెదబాబు పకపకా నవ్వాడు. "ఓలమ్మో! టోపీలాయన ఇనస్పెక్టరుగారికే టోపీ ఎట్టేస్తన్నాడు!"

అరుగు మీద కూడా నవ్వులు లేచాయి. సబినస్పెక్టరు నవ్వలేదు. "ఎలా చెప్తావు?"

"ఆవిరి పట్టిన ఫెల్టు పచ్చిమట్టి లాంటిదండి. సెక్కతల మీద ఒక రాత్రీ ఒక పగలూ ఆరితేనే గట్టిపడేది. ఈలోపు ఎలా నొక్కితే అలా వంగిపోద్ది. నా అల్లుడికి ఆ సంగతి తెలుసు. పచ్చి టోపీ నెత్తినెట్టుకోడు."

"కోపంతో మనిషిని చంపడానికి పోయేవాడు టోపీ ఆరిందా లేదా అని చూస్తాడా?"

"సూడకపోవచ్చండి." ఆ ఒప్పుకోలుకు జ్ఞానమ్మ ఉలిక్కిపడింది. కానీ యెహోషువ ఆగలేదు. "ఆడు సూడకపోయినా ఫెల్టు ఊరుకోదు కదండి. పచ్చిది, పైగా వాన. ఎవడి నెత్తి మీద ఉంటే ఆడి తల అందులో అచ్చు దిగిపోద్ది. దిగింది. ఇలా రండి, ఎనక సూడండి."

సబినస్పెక్టరు లేచి కిటికీ దగ్గరకు వచ్చాడు. టోపీ వెనక భాగంలో, అంచుకు రెండు వేళ్ల పైన, నడుమకు కాస్త కుడిగా, ఉసిరికాయంత ఉబ్బు ఉంది. లోపల చెయ్యి పెడితే అక్కడ తోలుపట్టీ సాగి గుంటపడి తగిలింది.

"రాయి మీద పడితే ఇలా కాదా?"

"రాయి బయట్నించి లోపలికి నొక్కుద్దండి. ఇది లోపల్నించి బయటికి పొడుచుకొచ్చింది. ఇది జుట్టుముడి బాబూ."

సబినస్పెక్టరు మళ్లీ ఆ గుంటలో వేలు పెట్టి చూశాడు.

"రంగంలో నేను సూసిన ముడులు ఇన్నీ అన్నీ కావండి," యెహోషువ ఇప్పుడు వేగంగా మాట్లాడుతున్నాడు. "మన వైపు మేస్త్రీలు ఓడరేవులో పని సేసేవోళ్లు. ఇంటికి ఫోటో పంపాలంటే నెత్తిన దొరటోపీ ఉండాల. ముడి కత్తిరించుకోమంటే ప్రాణం ఇచ్చీస్తారు గాని ముడి ఇవ్వరు. ముడి మీదే టోపీ తొడిగితే ఎనక ఇలాగే లేసిపోయేది. ఆళ్ల కోసం లోపల తోలు కోసి, ముడికి సోటు సేసి కుట్టేవోణ్ణి. ఈ గుంట నా యేళ్లకి తెలుసండి. నా అల్లుడి తల సూడండి."

అందరూ దాసు వైపు తిరిగారు. మెడ మీద వేళ్లతో పట్టుకుందామన్నా దొరకనంత కురచ క్రాపు.

"నాన్నా!" అంది జ్ఞానమ్మ.

సబినస్పెక్టరు టోపీని తన చేతుల్లోకి తీసుకున్నాడు. ఈసారి తెలియకుండానే అతనూ అంచు కింద చేతులు పెట్టాడు. "ముడి ఉన్నవాళ్లు ఈ తాలూకాలో సగం మంది," అంటూ చుట్టూ చూశాడు. చూపు పెదబాబు నెత్తి మీద వాలింది.

పెదబాబు నవ్వు ఎండిపోయింది. "నన్నేటి బాబూ అలా సూస్తారు? నేను శుక్రవారం కె.కోటపాడులో మా కూతురి ఇంట్లో ఉన్నాను! ముద్ద నోట్లో ఎట్టుకుంటన్నాను!"

"ఇలా రా."

"అయినా నా ముడి నడినెత్తినండీ! మా తాత కాణ్ణుంచీ నడినెత్తినే!"

సబినస్పెక్టరు టోపీని అతని తల మీద ఆనించి ఆనించనట్టు పెట్టాడు. నడినెత్తిన ముడి మీద అది కుండ మీద మూకుడులా ఊగింది. ముడికీ, టోపీలోని గుంటకీ జానెడు దూరం. అంత భయంలోనూ దాసు మొహంలో నవ్వు లాంటిది ఒకటి మెరిసి మాయమైంది.

"పో, కూర్చో. నువ్వు కాదు," అన్నాడు సబినస్పెక్టరు.

"సంతకం కూడా ఎట్టను బాబూ, ఎల్లిపోతాను..."

"కూర్చోమన్నాను." అతను యెహోషువ వైపు తిరిగాడు. "అయితే ముడి వెనక్కి, కిందుగా, కుడి పక్కకు కట్టేవాడు. అలా కట్టేవాణ్ణి ఎవరినైనా చూశావా?"

యెహోషువ నోరు తెరిచాడు. వెంటనే మూసేసి బల్ల మీది చెక్కతల వైపు తిరిగాడు.

చూశాడు. పదమూడేళ్లుగా ప్రతి శనివారం చూస్తున్నాడు. వెనక కిటికీ ఊచల్లోంచి, పెరట్లో, ముక్కాలిపీట మీద కూర్చుని తలంటు పోయించుకునే మనిషిని. తల ఆరాక భార్య వెనక నిలబడి జుట్టు మెలితిప్పి మెడకు కాస్త పైన కుడి పక్కకు ముడివేస్తుంది. ఆ తర్వాత ఎర్ర తలపాగా. ఇంట్లోవాళ్లూ మంగలీ తప్ప తలపాగా లేకుండా ఆ మనిషి తల చూసినవాడు ఊళ్లో లేడు.

అతని కళ్లు గది వెనక గోడ మీదకు పోయాయి. అక్కడ వరసగా వేలాడుతున్న తోళ్లు. తోళ్ల వెనక ఏముందో అతనికి ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా గుర్తు రాలేదు.

ఇప్పుడు గుర్తొచ్చింది.

"యెహోషువా."

మెత్తటి గొంతు. గణపతిరావు కుర్చీ లేక బల్ల అంచున కూర్చుని, చేతికర్ర మీద రెండు చేతులూ పెట్టుకుని ఉన్నాడు. మొహంలో అదే జాలి.

"అల్లుడి మీద నీ మమకారం నాకు తెలుస్తంది. అయితే ఏదో ఉబ్బు సూసి ఎవడో ఒకడి పేరు సెప్పీకు. తప్పయితే నీ దేవుడు కూడా ఒప్పడు. నువ్వు రంగం నుంచి వచ్చిన రోజు గ్యాపకం ఉందా?"

"ఉందండి."

"ఈ అరుగు మీదే పడిపోయేవు. నీ బుజం మీద ఈ పిల్లగుంట, ఎముకల గూడు. అందరూ కలరా అని తలుపులేసుకున్నారు. గంజి ఎవరు పోసేరు?"

"తమరేనండి."

"ఈ గది ఎవరిచ్చేరు?"

"తమరేనండి."

"ఇప్పుడూ సెప్తన్నాను. కుర్రోడు రెండేళ్లు, మూడేళ్లు ఎల్లొస్తాడు. అంతవరకూ నీ కూతురు నా ఇంటి బిడ్డ. దానికి ఏ లోటూ రాదు. ఏ లోటూ రాకుండా నేను సూసుకుంటాను. అర్దమయ్యిందా?"

అరుగు మీద ఎవరో "ఎంత మాటన్నారు బాబు!" అన్నారు. పెదబాబు కళ్లు తుడుచుకున్నాడు. గదిలో అందరికీ వినిపించింది దయ. యెహోషువకు వినిపించింది ఇంకొకటి. అతను కూతురి వైపు చూశాడు. తర్వాత అరుగు మీద నిలబడ్డ పదిహేను మంది వైపు చూశాడు. అందులో నలుగురి చేతుల్లో చెరకు కొట్టే కత్తులున్నాయి.

అవును, గంజి పోసింది ఆయనే. ఆ గంజి అబద్ధం కాదు. అదే అతని గొంతుకు అడ్డం పడింది.

"ఇదిగో, టైము పదిన్నర," సబినస్పెక్టరు అన్నాడు. "ఉబ్బు చూశాను, కాగితం మీద రాయిస్తాను. కానీ తాళం పగలని కొట్టులోంచి టోపీ బయటికి ఎలా వెళ్లింది? రెండో చెవి నీ అల్లుడి దగ్గరుంది. దానికి జవాబు లేకపోతే నేను చెయ్యగలిగింది లేదు. బస్సుకు బయల్దేరాలి."

కానిస్టేబులు దాసు భుజం మీద చెయ్యి వేశాడు. దాసు కదిలాడు. గుమ్మంలో జ్ఞానమ్మ పక్కకు తప్పుకోలేదు.

"నాన్నా," అంది. ఏడుపు లేదు ఆ గొంతులో. "నీ మొకం సూస్తే తెలుస్తంది. నీకు పేరు తెలుసు. ఎవులికి బయపడతన్నావు? నా కోసమా? నా కోసమైతే సెప్పీ. నాకేటీ బయం లేదు."

"గుంటా, నువ్వు లోపలికెల్లు," అన్నాడు గణపతిరావు. మెత్తదనం ఈసారి కొంచెం తక్కువగా ఉంది.

యెహోషువ కూతురి మొహం వంక చూశాడు. తర్వాత తిరిగి వెనక గోడ దగ్గరకు నడిచాడు. ఒక్కొక్క తోలూ మేకు నుంచి తీసి కింద పడేయడం మొదలుపెట్టాడు. ఎర్ర తోలు. నల్ల తోలు. దూడ తోలు. మూడోది పడేసరికి వెనక చెక్క కనిపించింది. అయిదోది పడేసరికి అది తలుపని తెలిసింది.

సబినస్పెక్టరు రెండంగల్లో అక్కడికి వచ్చాడు. తలుపు తోశాడు. కదల్లేదు. "గడియ ఏది?"

"అవతల పక్క ఉంటుందండి."

"ఇవతల లేదా?"

"లేదండి. అవతల్నించి తియ్యాలి, అవతల్నించే ఎయ్యాలి."

సబినస్పెక్టరు వంగి తలుపు కీలు మీద వేలు పెట్టి లాగాడు. పదమూడేళ్లుగా తెరవని తలుపైతే ఆ కీలు నిండా బూజు ఉండాలి. వేలికి బూజు అంటలేదు. కొత్తగా రాసిన నూనె అంటింది.

"అవతల ఏముంది?"

"పెరడండి."

"ఎవరి పెరడు?"

గణపతిరావు లేచి నిలబడ్డాడు. "ఇనస్పెక్టరుగారూ, ఇది పరువుగల కొంప. పెరట్లో పనోళ్లు పది మంది తిరుగుతారు. ఒక తోలు పనోడి మాట పట్టుకుని..."

"మిమ్మల్ని అడగలేదు," అన్నాడు సబినస్పెక్టరు, అటు తిరగకుండానే. "యెహోషువా, అవతల పెరట్లో వెనక్కి, కుడి పక్కకు ముడి కట్టే మనిషి ఉన్నాడా?"

"ఉన్నాడండి."

"ఎవరు?"

"బాబుగారండి."

రైటరు కానిస్టేబులు కలం ఎత్తి చూశాడు. "ఏ బాబుగారయ్యా? ఈ ఊళ్లో అందరూ బాబుగార్లే. కాగితం మీద బాబుగారని రాస్తే కోర్టు ఒప్పుకోదు. పేరు చెప్పు."

పేరు. ఈ పదమూడేళ్లలో యెహోషువ నోట ఆ పేరు ఒక్కసారి రాలేదు. అతని తాతలు, వాళ్ల తాతలు కూడా ఆ ఇంటి మగాళ్ల పేరు నోటితో పలికిన వాళ్లు కారు. కత్తులున్న నలుగురూ గుమ్మంలోకి వచ్చారు.

"సెప్పకు," అన్నాడు గణపతిరావు. మెత్తదనం లేదు, జాలి లేదు. "నీ నోటితో నా పేరు సెప్పకు, ఒరే."

యెహోషువ ఆయన కళ్లలోకి సూటిగా చూశాడు. రైటరు కలం కాగితం మీద ఆగి ఉంది.

"రాసుకోండి బాబూ," అన్నాడు. "బంగార్రాజు తల పగలగొట్టినోడు గణపతిరావు."